యుద్ధం అయిపోయాక అమ్మవారు ఏం చేసింది?

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళిని ఈ ఊరికి తీసుకొచ్చినవాడు సైన్యంలో డోలీ మోసే మనిషి. పేరు సురిటి అప్పయ్య. గుడి చరిత్ర చెప్పేవాళ్లు చెప్పే కథ ఇది. 1813లో ఆయన పనిచేసే దళాన్ని ఉజ్జయినికి పంపారు. అదే సమయంలో ఇక్కడ కలరా సోకి జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కబురు ఉజ్జయిని దాకా చేరింది. అప్పయ్య, ఆయన తోటివాళ్లు అక్కడి మహంకాళి గుడికి వెళ్లి, మా ఊరి జనాన్ని కాపాడు తల్లీ, నీ విగ్రహాన్ని మా ఊళ్లో నిలబెట్టుకుంటాం అని మొక్కుకున్నారు. జబ్బు తగ్గింది. 1815లో తిరిగొచ్చి, చెక్కతో చేసిన విగ్రహాన్ని ప్రతిష్ఠించి మొక్కు చెల్లించుకున్నారు. చెక్క విగ్రహం స్థానంలో ఇంకో విగ్రహం వచ్చింది 1864లో. దండు దిగిన చోటు కాబట్టి పాతవాళ్లు సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అనే అంటారు, అక్కడి పండగ లష్కర్ బోనాలు అయింది.

ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. అప్పయ్య చేసిన పని దగ్గర మాత్రం ఎవరూ ఆగి ఆలోచించరు. ఆ రోజుల్లో సైన్యం వెంట నడిచే డోలీవాళ్లు గాయపడినవాళ్లనూ, జబ్బుపడినవాళ్లనూ భుజాల మీద మోసేవాళ్లు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ఆయనది వైద్య విభాగం. రోగమంటే ఏమిటో, ఒక మనిషి మంచం పడితే ఇంటిల్లిపాదీ ఏమవుతారో దగ్గరనుంచి చూసినవాడు. అందుకే కాబోలు, ఆయన మొక్కులో తన ఇల్లు, తన పిల్లలు అని విడిగా లేదు. ఊరంతటికీ కలిపి ఒకటే మొక్కు. కొలువులో ఉండగా మొక్కుకుని, ఇల్లు చేరాక తీర్చుకున్నాడు. సైన్యం నుంచి తిరిగొచ్చిన మనిషి ఊరికి పెద్దదిక్కు కావడమంటే ఏమిటో అడిగితే, నేనైతే మొదట అప్పయ్యనే చూపిస్తాను.

ఆషాఢంలో నేను రోజుకో అధ్యాయం చొప్పున, అమ్మవారి కథ చెప్పే దుర్గా సప్తశతి అర్థంతో సహా చదువుకుంటాను. మార్కండేయ పురాణంలోని ఈ పదమూడు అధ్యాయాల్లో మనవాళ్లకు బాగా గుర్తుండేవి యుద్ధాలు. మహిషుడు, చండముండులు, రక్తబీజుడు, చివరికి శుంభుడు. పదో అధ్యాయంలో శుంభుడు పడిపోతాడు. సినిమా అయితే అక్కడ లైట్లు వేస్తారు. పురాణం మాత్రం అక్కడ ఒక్క క్షణం నిలిచి లోకం ఎలా ఉందో చూస్తుంది. ఆకాశం నిర్మలమైంది, గాలులు హాయిగా వీచాయి, సూర్యుడు మళ్లీ వెలిగాడు, నదులు తమ దారిన తాము పారాయి అంటుంది. గంధర్వులు పాడారు, అప్సరసలు ఆడారు అని కూడా ఉంది గానీ, నా చూపు ఆగేది ఈ గెలుపు గుర్తుల దగ్గరే. నీళ్లు వాటి దారిన అవి పారడం గెలుపు ఎలా అవుతుందని ఎవరికైనా అనుమానం వస్తే, మంచి వాన పడిన రాత్రి మా కాలనీ మూడో వీధికి రండి. మోరీ దాని దారిన అది పారితే మేం కూడా స్తోత్రాలు చదువుతాం.

పదకొండో అధ్యాయం నారాయణీ స్తుతి. అగ్నిని ముందు పెట్టుకుని దేవతలంతా అమ్మవారిని పొగుడుతారు. నీ త్రిశూలం మమ్మల్ని భయం నుంచి కాపాడాలి, నీ ఘంట కాపాడాలి, నీ ఖడ్గం మాకు శుభం చేయాలి అని ఒక్కో ఆయుధానికీ దండం పెట్టుకుంటూ వస్తారు. ఖడ్గం దగ్గర ఆపి, వెంటనే ఇలా అంటారు:

రోగానశేషానపహంసి తుష్టా
రుష్టా తు కామాన్ సకలానభీష్టాన్ ।
త్వామాశ్రితానాం న విపన్నరాణాం
త్వామాశ్రితా హ్యాశ్రయతాం ప్రయాంతి ॥

అమ్మా, నువ్వు సంతోషిస్తే రోగాలన్నిటినీ పోగొడతావు. ఆగ్రహిస్తే కోరుకున్న కోరికలన్నీ పోగొడతావు. నిన్ను ఆశ్రయించినవాళ్లకు ఆపద లేదు. నిన్ను ఆశ్రయించినవాళ్లే ఇతరులకు ఆశ్రయమవుతారు.

కత్తి మీద రక్తం ఇంకా ఆరలేదు, అప్పుడే మాట రోగాల మీదికి మళ్లింది. యుద్ధం చూసి వచ్చినవాళ్లకు తెలుసు, శత్రువు పోయాక మిగిలేవి ఇవేనని. జ్వరాలు, పుళ్లు, ఆకలి, దిక్కులేనితనం. మొదటి మూడు పాదాల్లో చెప్పిన మాటలు ఇతర స్తోత్రాల్లోనూ వినిపిస్తాయి. నాలుగో పాదం దగ్గరే నేను ఏటా ఆగిపోతాను. దేవుణ్ని శరణు వేడితే రక్షణ దొరుకుతుందని అందరూ చెబుతారు. ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కించారు. శరణు కోరి వచ్చినవాడు రక్షణ అందుకుని ఇంటికి వెళ్లిపోవడం కాదట, తనే నలుగురికి నీడ అవుతాడట. వరం తీసుకుని తలుపేసుకునే అవకాశం లేదు.

ఈ పాదానికి నాకు తెలిసిన భాష్యం మా కాలనీలోనే ఉంది.

అల్వాల్ వైపు మా కాలనీ. కంటోన్మెంట్ దగ్గర కాబట్టి రిటైరైన మిలిటరీ వాళ్లు ఇక్కడ కొత్తేమీ కాదు. తిరుమలగిరి, బొల్లారం, సైనిక్‌పురి అంతా వాళ్ల ప్రపంచమే. అయితే మా వీధిలో ఇల్లు కొనుక్కుని వచ్చినావిడ మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో కర్నల్ హోదా దాకా చేసి వచ్చారు. సిద్దిపేట వైపు పల్లెటూరు ఆవిడది. కాశ్మీర్ బేస్ హాస్పిటల్‌లో చేశారు, ఈశాన్యంలో చేశారు, చివరికి మన తిరుమలగిరి వైపే వచ్చి దిగారు. కాలనీలో ఆవిడ పేరు చాలామందికి తెలియదు. మేం మేడమ్ అంటాం, వాచ్‌మన్ ఇంటివాళ్లు, పూలమ్మే ఆమె మిలిటరీ అమ్మ అంటారు.

మొదట్లో కాలనీ పెద్దమనుషులకు ఆవిడ అంటే ఒక చిన్నచూపు ఉండేది. 'నర్సే కదా' అన్న మాట నా చెవినే పడింది. మిలిటరీ నర్సులు హోదా ఉన్న ఆఫీసర్లని, ఆ ఏర్పాటు 1943 నాటి ఆర్డినెన్స్ నుంచీ ఉందని, అసలు ఈ సర్వీస్ 1926లోనే శాశ్వత రూపు దిద్దుకుందని మాలో ఎవరికి తెలుసు? డాక్టర్లు, నర్సులు కాకుండా మిగతా విభాగాల్లోకి ఆడవాళ్లను ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలైంది 1992లో. వాళ్లకు శాశ్వత కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొలువులో ఉండే అవకాశం, ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న తీర్పు చెప్పినప్పుడు టీవీల్లో సైన్యంలోకి ఆడవాళ్లు ఆ రోజే అడుగుపెట్టినంత హడావుడి చేశారు. మేడమ్ ఆ రాత్రి టీవీ చూసి చాలా సంతోషపడ్డారు. 'మా చెల్లెళ్లు గెలిచారు' అన్నారు. అక్కలను ఎవరూ తలుచుకోలేదని మాత్రం అనలేదు. నేనైతే అనేదాన్ని.

రిటైరై వచ్చాక మొదటి ఏడాది చాలా కష్టంగా గడిచిందని తరవాత చెప్పారు. పెన్షన్ కాగితాలు, వైద్యం కార్డు, క్యాంటీన్ కార్డు, వీటి పని అయిపోయాక పొద్దున్నే లేచి ఏం చేయాలో తోచలేదట. తన కోసం ఎదురుచూసే వార్డు లేదు. చెప్పిన పని చెప్పినట్టు జరిగే చోట ముప్పై ఏళ్ల దాకా ఉన్న మనిషి, మా కాలనీ జనరల్ బాడీ మీటింగ్‌కు వచ్చారు. అక్కడ ఎజెండా మొదటి అంశం తేలకముందే టీ చల్లారిపోతుంది. ఆవిడ నీళ్ల ట్యాంకు శుభ్రం చేయించే విషయం లేవనెత్తి, ఎవరెవరు ఏ రోజు ఏం చేయాలో టకటకా చెప్పేశారు. ఒకాయన నవ్వుతూనే, 'ఇది మిలిటరీ కాదు మేడమ్' అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూర్చుండిపోయారు. ఆ తరవాత రెండు మీటింగులకు రాలేదు.

ఆ ఆషాఢంలోనే ఆవిడ తొలిసారి బోనం ఎత్తారు. కూతురు క్షేమంగా ఇల్లు చేరితే లష్కర్ అమ్మవారికి బోనం సమర్పిస్తానని వాళ్ల అమ్మ ఎప్పుడో మొక్కుకుందట. ఆమెకు మోకాళ్లు పోయాయి, తల మీద కుండ పెట్టుకుని నిలబడలేదు. మొక్కు తల్లిది, మోయాల్సింది కూతురు. కొత్త కుండకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడం, లోపల బెల్లం అన్నం, చుట్టూ వేపమండలు, పైన గురిగి, దాని మీద ప్రమిద. ఆ ముసలమ్మ మంచం మీద కూర్చునే అన్నీ చేయించింది. చుట్టకుదురు కూడా పాత నూలు చీర చింపి తనే చుట్టింది. 'కాళ్ల దిక్కు సూడకు బిడ్డా, ముంగటికి సూడు' అని చెబుతుంటే మేడమ్ బుద్ధిగా తలూపడం నేను చూశాను. వీపు మీద బరువైన మూట కట్టుకుని కొండలెక్కిన మనిషి, ఆ కుండతో వీధి చివర దాకా వెళ్లేసరికి మెడ పట్టేసిందన్నారు.

బోనం ఎత్తుకున్న ఆడమనిషిలో ఆ పూట అమ్మవారు ఉంటుందని మన నమ్మకం. అందుకే దారి పొడుగునా ఇళ్లవాళ్లు బయటికొచ్చి ఆమె కాళ్ల మీద నీళ్లు పోస్తారు. వేపాకు, పసుపు కలిపిన నీళ్లు. మా వీధి మొదట్లో మోరీలు శుభ్రం చేసే ఒక పెద్దాయన ఇల్లుంది. ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి మేడమ్ కాళ్ల మీద పోసి, వంగి ఆ తడిని కళ్లకద్దుకున్నాడు. మేడమ్ ముఖం ఎర్రబడింది. తరవాత ఆ మాట వస్తే ఇలా అన్నారు: 'సెల్యూట్ చేస్తే తిరిగి సెల్యూట్ చేస్తాం. లెక్క అక్కడికక్కడే తీరిపోతుంది. కాళ్ల మీద నీళ్లు పోస్తే ఏం చేయాలి? చేతులు కుండ మీద ఉన్నాయి, దండం పెట్టే వీలు కూడా లేదు. ఆయన పోసింది నాకు కాదని తెలుసు. కానీ తడిసింది నా కాళ్లే కదా.'

నేను విన్న బోనాల వ్యాఖ్యానాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. పండగ రాగానే, వేపలో ఇది ఉంది, పసుపులో అది ఉంది, మన పూర్వీకులు ఎంత గొప్ప సైంటిస్టులు అంటూ ఫోన్లలో తిరిగే పాఠాల మీద నాకు పెద్దగా గురి లేదు. అమ్మవారికి ఆ సర్టిఫికెట్ అవసరం లేదు. పండగ మనుషుల మధ్య ఏం పెడుతుందో చూడాలి. ఇక్కడ ఒక గౌరవాన్ని పెట్టింది, తిరిగి ఇచ్చే దారి మాత్రం మూసేసింది. అందుకున్నవాళ్లు దాన్ని మోసుకుంటూ వెళ్లాల్సిందే. హోదాతో వచ్చే మర్యాద వేరు, ఆ పూట అమ్మవారి పేరు మీద వచ్చి మెడకు చుట్టుకునే బాధ్యత వేరు. బోనాల్లో ఇంకోటి కూడా ఉంది. కొరడా ఝళిపిస్తూ ముందు నడిచే పోతురాజు అమ్మవారి తమ్ముడు, కాపలాదారు. మోసేది ఆడది, మర్నాడు రంగంలో పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పేదీ ఆడదే. మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. ఆడవాళ్ల మాట వినడానికి మన మగవాళ్లకు అలవాటు లేదని ఎవరన్నారు? రంగం రోజున చక్కగానే వింటారు. మిగతా రోజులతోనే చిక్కు.

ఆ పండగ అయ్యాక మేడమ్ మీటింగులకు మళ్లీ వచ్చారు. ఈసారి మాట్లాడలేదు. పొద్దున నడకకు వెళ్లేటప్పుడు చిన్న నోటుబుక్కు పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. ఎవరింట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి షుగరు, ఎవరికి గుండెకు స్టెంటు వేశారు, ఏ ఇంట్లో గర్భిణి ఉంది. ఒకరకంగా వార్డు రౌండే. మాకు అదంతా చాదస్తంలా అనిపించింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కాలనీలో పక్కాగా సిద్ధంగా ఉన్నది ఆ నోటుబుక్కు ఒక్కటే. ఎవరికి మందులు ముందు అందాలి, ఎవరింటికి వండిన అన్నం పంపాలి, అంతా అందులోనే ఉంది. ఆ ఏడాది లష్కర్ బోనాలు కూడా ఇళ్లలోనే జరుపుకోమన్నారు. గుడిలో పూజలు పూజారులే చేశారు. బోనం గుమ్మం దాటలేదు. కలరా నుంచి కాపాడమన్న మొక్కుతో వెలసిన తల్లికి, మరో మహమ్మారి మూలంగా జనం దూరంగా ఉండి దండం పెట్టుకున్నారు. ఆ ఆదివారం మేడమ్ దేవుడి గది ముందు బోనం దించి, పెద్ద డేగిశాలో పులిహోర కలిపి పొట్లాలు కట్టించారు. రోడ్డు పక్క ఆగిపోయిన వలస కూలీల కుటుంబాలకు అవి వెళ్లాయి. నైవేద్యం అయ్యాక ప్రసాదం పంచినట్టే పంచారు.

మరుసటి ఏడాది ఏప్రిల్, మే నెలలు తలుచుకోవాలంటే ఇప్పటికీ భయమే. మాలో చాలామంది బుర్రలు పనిచేయడం మానేశాయి. అందరికీ బెడ్డు కావాలి, అందరికీ ఆక్సిజన్ కావాలి. మేడమ్ మూడు ఆక్సీమీటర్లు తెప్పించి వీధికొకటి అప్పగించారు. వేలికి పెట్టి చూడండి, 94 కంటే తగ్గితే నాకు ఫోన్ చేయండి, అంతకు మించి ఉంటే భయపడకుండా పడుకోండి, బోర్లా పడుకుంటే ఇంకా మంచిది. ఇంతే చెప్పేవారు. ఒక రాత్రి రెండిళ్ల నుంచి ఒకేసారి ఫోన్లు వచ్చాయి. ఒకరు కాలనీలో పలుకుబడి ఉన్నాయన, రెండో మనిషి ఇస్త్రీ బండి అతను. ఉన్నది ఒక్క సిలిండర్. మేడమ్ రెండు ఇళ్ల నుంచీ అంకె అడిగారు. ఇస్త్రీ అతని అంకె తక్కువగా ఉంది. సిలిండర్ అక్కడికి వెళ్లింది. పెద్దాయన ఇంటికి మాత్రం ఆవిడే స్వయంగా వెళ్లి, ఆయన్ను బోర్లా పడుకోబెట్టి తెల్లవారేదాకా కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరూ బతికారు. ఎందుకలా చేశారని ఎవరో అడిగితే, యుద్ధభూమి దగ్గరి ఆస్పత్రిలో స్ట్రెచర్లు వరసగా దిగుతుంటే భుజం మీది నక్షత్రాలు చూడరు, గాయం చూస్తారు, అన్నారు. మీటింగ్‌లో 'ఇది మిలిటరీ కాదు' అన్న మనిషి ఆ పెద్దాయనే. తరవాతి ఎన్నికల్లో మేడమ్ పేరు ప్రతిపాదించిందీ ఆయనే. ఇలాంటివి కథల్లో రాస్తే అతికించినట్టుంటాయి గానీ, కాలనీల్లో నిజంగానే జరుగుతాయి, ఎందుకంటే ఉండేది ఆ నలభై ఇళ్లవాళ్లమే.

ఆవిడ భక్తి గురించి చెప్పాలి. సప్తశతి చిన్న పుస్తకం హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది, దాని అట్ట ఊడిపోయి ప్లాస్టర్ వేసి ఉంది. అయినా ఆవిడ నోట ఉపన్యాసం నేనెప్పుడూ వినలేదు. సైన్యంలో సర్వధర్మ స్థల్ అని ఉంటుందట. ఒకే కప్పు కింద అందరి దేవుళ్లూ. జవాన్ల మతం ఏదైతే ఆఫీసర్లు వాళ్లతో కలిసి ఆ ప్రార్థనలో నిలబడతారు. ఏళ్ల తరబడి ఆవిడ రూమ్మేట్ కేరళ క్రైస్తవురాలు. రాత్రి డ్యూటీకి బయల్దేరే ముందు ఆమె బైబిల్ వాక్యం ఒకటి, ఈవిడ ఈ శ్లోకం ఒకసారి. అలా అలవాటైన మనిషికి, మా కాలనీ చివర ఉన్న ముస్లిం కుటుంబాల తలుపు తట్టడానికి ప్రత్యేకంగా ధైర్యం కూడగట్టుకోవాల్సిన పని లేకపోయింది. ఆశ్రయం ఇచ్చే చెట్టు తన కింద నిలబడ్డవాణ్ని నీ గోత్రం ఏమిటని అడగదు.

ఇక దోమల సంగతి. ఆషాఢం, శ్రావణం అంటే మనకు పండగలు, డెంగీ కూడా. ఈ ఊరికీ దోమకూ పాత లెక్క ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే వైద్యాధికారి దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆయనా యూనిఫాం వేసుకున్న వైద్యుడే. మేడమ్ ఈ విషయం పిల్లలకు చెబుతారు, చెప్పి వాళ్ల చేతిలో టార్చిలైట్లు పెట్టి కూలర్ల వెనక్కి పంపుతారు. డెంగీ దోమ ఎక్కువగా నిలవున్న శుభ్రమైన నీళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది. అవి నీటి అంచున గోడకు అతుక్కుని ఉంటాయి. నీళ్లు పారబోస్తే పోవు, ఎండినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. పీచుతో రుద్ది కడగాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికొకసారి. 2020లో మున్సిపల్ శాఖ ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని ప్రచారం చేసింది గుర్తుందా? చాలా చోట్ల అది పోస్టర్లతోనే ఆగిపోయింది. మా దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. పది అవగానే మేడమ్ సొంత ఇంటి పూలకుండీల కింది పళ్లేలు బయట బోర్లిస్తారు. మిగతావాళ్లకు సిగ్గేసి వాళ్లూ బోర్లిస్తారు.

జ్వరం వచ్చిన ఇంటికి వెళ్లి ఆవిడ చెప్పే మాట ఒకటే. జ్వరం తగ్గిన రోజున సంబరపడి వదిలేయకండి, ప్రమాదం అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చిగుళ్లలో రక్తం కనిపిస్తే గంట కూడా ఆగొద్దు. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, పారాసెటమాల్ ఒక్కటే. 'రోగానశేషాన్' అని నేను దీపం ముందు కూర్చుని చదివే పాదాన్ని ఆవిడ చీపురు, పీచు, థర్మామీటర్లతో చదువుతారు. అమ్మవారు సంతోషిస్తే రోగాలు పోగొడుతుందన్నారు సరే, ఆమెకు సంతోషం కలిగేది దేంతో? అన్నం పొంగించి, వేపకొమ్మ కట్టి, గుడి వెనక కొబ్బరిచిప్పల్లో నీళ్లు నిలవనిస్తే సంతోషిస్తుందని నేననుకోను.

'రుష్టా' అన్న మాట కూడా శ్లోకంలో ఉంది. కోపిస్తే కోరికలు పోగొడుతుంది. చదివినప్పుడల్లా భయం వేసే మాట. అయితే కాలనీ రాజకీయం చూశాక నాకు ఒక సంగతి తోచింది. పదవి దొరికినవాళ్లకు ముందుగా పుట్టేవి కోరికలే. రోడ్డు మా ఇంటి ముందు నుంచే మొదలవ్వాలి, శిలాఫలకం మీద నా పేరుండాలి. అవి పోగొట్టడం శాపమో అనుగ్రహమో ఆలోచించుకోవాలి. మేడమ్ హయాంలో కమ్యూనిటీ హాలు కట్టారు. శిలాఫలకం మీద ఎవరి పేరూ లేదు, తేదీ మాత్రమే ఉంది. దాని మీద కూడా గొడవైంది లెండి.

పదకొండో అధ్యాయం స్తుతితో అయిపోదు. అమ్మవారు వరం కోరుకోమంటుంది, అదీ లోకానికి ఉపకారమయ్యేది కోరుకోమంటుంది. తరవాత ముందు ముందు ఎలా వస్తానో తనే చెబుతుంది. వందేళ్లు వానలు లేక లోకం ఎండిపోయినప్పుడు, మళ్లీ వాన పడేదాకా నా ఒంటి నుంచి పుట్టిన కూరగాయలతో లోకాన్ని పోషిస్తాను, అప్పుడు నన్ను శాకంభరి అంటారు, అంటుంది. శుంభుణ్ని చంపిన చేతులే కూరలు పండిస్తాయట. ఆషాఢంలో బెజవాడ దుర్గమ్మకు, ఓరుగల్లు భద్రకాళికి కాయగూరలతో అలంకారం చేసేటప్పుడు ఆ సొరకాయల మధ్య అమ్మవారి ముఖం చూస్తే నాకు ఈ మాటే గుర్తొస్తుంది. పోరాటం ఆమె పనిలో ఒక భాగం. దాని తరవాత పని ఇంకా ఎక్కువ. 'రిటైర్మెంట్' అన్న ఊహే ఆ కథలో లేదు.

మేడమ్‌కు ఈ మధ్య ఒక వత్తాసు దొరికింది. మా కాలనీలో నాలుగిళ్లలో పనిచేసే ఒకామె. రెండేళ్ల కిందట ఆమె కొడుక్కి డెంగీ వస్తే, జ్వరం తగ్గిన రోజునే మేడమ్ గుర్తుపట్టి ఆస్పత్రిలో చేర్పించారు. అబ్బాయి దక్కాడు. అప్పట్నుంచి ఆమె ఆదివారాలు మేడమ్ వెంట తిరగడం మొదలుపెట్టింది. చదువు రాకపోయినా ఏ ఇంట్లో ఏ మూల నీళ్లు నిలుస్తాయో ఆమెకు తెలిసినంతగా మేడమ్‌కు కూడా తెలియదు. ఇళ్లలో పని చేసేది ఆమే కదా. థర్మామీటర్ చూడడం నేర్చుకుంది, ప్రమాదం గుర్తులు వేళ్ల మీద చెబుతుంది. ఈ ఏడాది లష్కర్ బోనాలకు ఆమె బోనం ఎత్తితే దారిలో కాళ్ల మీద నీళ్లు పోసినవాళ్లలో మేడమ్ కూడా ఉన్నారు.

పండగ అయిన వారానికి, రైలు పట్టాల అవతలి బస్తీ నుంచి కబురొచ్చింది. అక్కడ జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి, మిలిటరీ అమ్మను ఒకసారి రమ్మనండి అని. మేడమ్ వెళ్లలేదు. నోటుబుక్కు, టార్చిలైటు ఆమె చేతికిచ్చి పంపారు, రాయడానికి తోడుగా మా అబ్బాయిని వెంట వేశారు. వాడు చెప్పాడు. బస్తీ మొదట్లో ఒక ముసలాయన వీళ్లను చూసి, 'మేడమ్ రాలేదా?' అని నిరుత్సాహంగా అడిగాడట.

'నేనొచ్చిన గదా తాతా' అందట ఆమె, కొంగు నడుముకు దోపుకుంటూ. 'మీ కూలర్ ఏడుందో సూపియ్యి.'